రెండో మెకానిక్

వెబ్ పేజీలు కట్టుకోవడానికి ఎవరో ముందే బిగించి ఇచ్చే చట్రాన్ని, కోడ్ రాసే మేము ఫ్రేమ్‌వర్క్ అంటాం. అందరూ వాడే పెద్దదొకటి ఉంది. నేను మాత్రం కొత్తగా వచ్చిన చిన్నదాని మీద మనసు పడ్డాను. పెద్దదాంట్లో ముప్పై వరుసల కోడ్ పట్టే పని ఇందులో పది వరుసల్లో అయిపోయేది! సూర్యాపేటలో మా డాబా మీద కూర్చుని చేసిన మొదటి పేజీ కదలగానే కేక పెట్టాను. కింద పోర్షన్ ఆంటీ పామనుకుని కర్ర పట్టుకుని వచ్చింది.

అదే ఊపులో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు టోకెన్ పేజీ చేశాను. ధాన్యం ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరకుండా, ఎవరి వంతు ఎప్పుడో రైతు ఫోన్లోనే కనపడుతుంది. సొంతంగా నాకు దొరికిన మొదటి పని అది. మిల్లు యజమాని చూసి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఒకే ప్రశ్న వేశాడు.

"మంచిగనే ఉందమ్మా. నువ్వు లేనినాడు దీన్ని ఎవరు బాగుచేస్తరు? ఇది తెలిసిన ఇంకో మనిషిని సూపెట్టు, దీన్నే పెట్టుకుంట. లేకుంటే అందరు వాడేదాంట్లనే రాయి."

మా వైపు ట్రాక్టర్ కొనేముందు షోరూం వాళ్ల మాట ఎవరూ పట్టించుకోరు. దగ్గర్లో ఇద్దరు మెకానిక్‌లు ఉన్నారా అని అడుగుతారు. ఒకడు పెళ్లికి పోతే ఇంకొకడుండాలి. ఆ లెక్క తెచ్చి నా పది వరుసల మీద పెడతాడా అని ఒళ్లు మండింది.

ఆ రెండో మనిషి కోసం వెతికాను. సూర్యాపేట కోచింగ్ సెంటర్లలో నా ఫ్రేమ్‌వర్క్ పేరే వినలేదన్నారు. కోదాడలో ఒక కాలేజీ లెక్చరర్ ఓపిగ్గా విని నవ్వాడు.

"మీది బాగోలేదని కాదండీ. పిల్లలు ఎక్కడన్నా ఇరుక్కుంటే అడగడానికి పక్క బెంచీలో ఒకడుండాలి కదా."

బస్సెక్కాక ఆ మాట తలలో గిర్రున తిరిగింది. ఇన్నాళ్లూ ఏది వేగం, ఏది అందం అని కొట్లాడాను. జనం చూసేది అది కాదు! పక్కవాళ్లు వాడుతున్నారని వాడతారు, వాడుతూ ఇరుక్కుంటారు, బయటపడ్డవాళ్లు రాసిపెట్టిన జవాబులే తర్వాతివాళ్లకు దారి. దిగేదాకా ఆగలేక పక్క సీటావిడకు చెప్పేశాను. ఆమె "అవునమ్మా" అని నా చేతిలో ఇన్ని పల్లీలు పోసింది.

ఆ వారమే తెలుగులో నోట్సు రాశాను. నేనెక్కడ ఇరుక్కున్నానో, ఎట్లా బయటపడ్డానో సిగ్గుపడకుండా అంతా పెట్టాను. ప్రింటు తీసి, మిల్లులో కంప్యూటర్ చూసే త్రిపురారం అమ్మాయికి ఇచ్చాను. ఆమెనే రెండో మనిషిగా చూపిస్తే యజమాని నమ్మీ నమ్మనట్టు, "వడ్లు దిగినంక తెలుస్తది" అన్నాడు.

వడ్లు దిగిన మొదటి రోజు పొద్దున్నే పేజీ మొరాయించింది. బండ్లు లోపలికి పోతున్నా తెర మీద వంతు కదలడం లేదు. పేజీ అడుగున నా నంబరు చూసి హాలియా రైతు ఒకాయన ఫోన్ చేసి తిడితే గానీ నాకు తెలియలేదు. వెంటనే మిర్యాలగూడ బస్సెక్కి, దారంతా మిల్లుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. నా పని ఖతం అనుకున్నాను.

చేరేసరికి వంతులు చకచకా కదులుతున్నాయి. ఆ అమ్మాయి టీ తాగుతోంది.

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"మీరు రాసినదాంట్ల సూసి చేసిన అక్కా. గని అండ్ల ఒకటి తక్కువున్నది. వెనక రాసిన, సూడుండ్రి."

కాగితాలు తిప్పాను. చివరి పేజీ వెనక ఆమె చేతిరాతలో ఆరు వరుసలు: వంతు ఎందుకు ఆగిందో, మళ్లీ ఎట్లా కదిలిందో. అది నాకు తెలియని సంగతి. సంతోషం పట్టలేక అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను.