ఫిట్ అని రాసిచ్చాక

బందరులో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేరిన కొత్తలో నా పనేమిటో మా అమ్మకే సరిగ్గా తెలీదు. "దెబ్బ తగిలినవాళ్ళు మళ్ళీ పనిలోకి వెళ్ళగలరో లేదో తేల్చి చెప్తానమ్మా" అని గొప్పగా చెప్పేదాన్ని. పట్టు కొలిచే మీటరు, చిల్లుల చెక్కలో దూర్చే పుల్లలు, రబ్బరు ముద్ద నా ఆయుధాలు. అవి ఉంటే దేవుణ్ణయినా పాస్ చేయగలననుకునేదాన్ని.

ఒకరోజు పెడన నుంచి కలంకారీ అచ్చులు వేసే ఆయన వచ్చాడు. యాభై దాటాయి. బండి మీంచి పడి కుడి మణికట్టు విరిగింది, నా దగ్గరికి వచ్చే కొన్నాళ్ళ ముందే కట్టు విప్పారు. మీటరు నొక్కాడు, పుల్లలు దూర్చాడు. రబ్బరు ముద్ద ఇస్తే మాత్రం, "ఏంటమ్మా, ఇదేమన్నా అంగన్‌వాడీనా?" అన్నాడు.

అంకెలు బాగున్నాయి. ఫిట్ అని రాసిచ్చాను.

కాగితం తీసుకుని ఆయన కదల్లేదు. "మా పని ఎప్పుడన్నా చూశారా అమ్మా?"

"వీడియోలో చూశానండి."

"పెళ్ళి వీడియో చూస్తే కడుపు నిండుద్దా?"

రోషం వచ్చి మర్నాడు వాళ్ళ షెడ్డుకి వెళ్ళాను. నెమలి చెక్కిన చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో దాని వీపున గుద్దాలి. నేనూ గుద్దాను. మోచేతి దాకా జివ్వుమంది. నెమలి కాస్తా వానలో తడిసిన కోడైంది. పక్క బల్ల దగ్గర ఆడవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు.

ఆయన వేసిన మొదటి మూడు నెమళ్ళూ బాగా వచ్చాయి. నాలుగోదానికి మెడ గీత రెండయింది. అయిదో గుద్దుకి "అబ్బా" అని చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. నా మీటరు పట్టు కొలిచింది గానీ, గుద్దు కొలవలేదు.

"ఫిట్ అని మీరే రాశారుగా మేడం?" అన్నాడు షెడ్డు యజమాని.

"రాసినావిడకి బుద్ధి లేదండి" అని ఆ కాగితం చింపేశాను. రోజుకి రెండు గంటలు, చిన్న అచ్చులే అని కొత్తది రాశాను.

ఆయన మొహం మాడిపోయింది. "ముప్ఫై ఏళ్ళు చేశాక అంచు చుక్కలు పెట్టుకోమంటారా? నా పరువేం కావాలి?"

"పరువు విరిగితే అతకడం నాకు రాదండి. చెయ్యయితే చూస్తాను."

నెలన్నరపాటు నన్ను తిట్టుకుంటూనే చుక్కలు పెట్టాడు. తర్వాత పెద్ద అచ్చులకి వచ్చాడు, అదీ మధ్యాహ్నం దాకానే. ముసురు పట్టినప్పుడు మణికట్టు లాగుతుందంటాడు.

అప్పట్నుంచీ ఎవరొచ్చినా ముందు వాళ్ళ పని చూడ్డానికి వెళ్తున్నాను. ముదినేపల్లి దగ్గర చేపల చెరువులో అయితే మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాను. వల లాగే నా పేషెంటే, నడుం నొప్పాయన, నన్ను గట్టుకి లాగాడు.

"నడుం ఎలా ఉందండీ?" అన్నాను సిగ్గుపడుతూ.

"మీ బరువుకి బానే ఆగింది మేడం."