ఉట్టెక్కిన పెద్ద పుస్తకం

కాళ్ళు ఎటు చాపుకుని పడుకోవాలి అని ఎవరైనా మీమాంస పడితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గాని, ఆ రోజుల్లో ఆ ఒక్క ప్రశ్న నా చదువునీ, నా హాస్టల్ సీటునీ పట్టుకుని ఊపేసింది. మాది రేపల్లె. మా నాన్నకి బజారులో కిరాణా కొట్టు. నన్ను బాపట్ల కాలేజీలో పీయూసీలో చేర్చి, రైలెక్కిస్తూ ఒక్కటే మాట అన్నాడు: "పరీక్ష తప్పినా, హాస్టల్లోంచి గెంటించుకున్నా, మళ్ళీ చదువు ఊసెత్తకు. తిన్నగా వచ్చి కొట్లో కూర్చో." కొట్లో కూర్చోవడమంటే ఎండు మిరపకాయల బస్తాల మధ్య కూర్చోవడం. నాకు వాటి పేరు వింటేనే తుమ్ములు. (ఇప్పుడు ఈ మాట రాస్తుంటే కూడా ముక్కు దురద పెట్టింది, ఒట్టు.) కాబట్టి హాస్టల్ సీటు నాకు ప్రాణంతో సమానం. దాని జోలికి ఎవరూ రాకుండా బుద్ధిగా లెక్కలు చేసుకుందామని వెళ్ళాను. నా బుద్ధికి తగ్గ గదే దొరికింది.

ఆ గది పొడుగ్గా, రైలుపెట్టెలా ఉండేది. దక్షిణం వైపు తలుపు, ఉత్తరం గోడకి ఒక గూడు, మధ్యలో మూడు ఇనప మంచాలు. ఆ మంచాల కాళ్ళు నేలలోకి సిమెంటు పోసి బిగించేశారు. పాత బ్యాచి వాళ్ళు వేసంగిలో మంచాలు ఆరుబయటకి మోసుకుపోయి వానలో వదిలేసేవారట, అందుకని. పైకప్పుకి నా మంచానికి సరిగ్గా ఎగువన ఒక కొక్కెం వేలాడుతుండేది. అది కరెంటు పంకా కోసం. కొక్కెం వచ్చింది గాని పంకా రాలేదు. ఆ కొక్కేనికి మా నాయనమ్మ మొదటి నెలలోనే వచ్చి, హాస్టల్ పిల్లులకి అందకుండా తన చేత్తో అల్లిన జనపనార ఉట్టి ఒకటి కట్టి, అందులో పెరుగు కుండ పెట్టి వెళ్ళింది. తను అల్లిన ఉట్టి తనదేనని తెలియడానికి దాని మొదలు దగ్గర ఒక ఎర్ర గుడ్డపీలిక ముడేయడం ఆవిడకి అలవాటు. పెరుగు మేం ముగ్గురం రెండు పూటల్లో ఊడ్చేశాం, ఉట్టి మాత్రం అలా ఉండిపోయింది. మిగతా ఇద్దరిలో ఒకడు పొన్నూరు పక్క పల్లె రైతుబిడ్డ, వాణ్ణి 'పొన్నూరు' అనే పిలిచేవాళ్ళం. దైవభక్తి, కోడిగుడ్ల మీద భక్తి వాడికి సమానం. ఇంకొకణ్ణి 'లాయరు' అనేవాళ్ళం. వాడు చదివేది సైన్సే, కాని అన్నం చల్లారిందంటే కూడా రెండు పక్షాలు చూపించి వాదించేవాడు.

మా వార్డెన్ మడి సార్. చాలా పొడుగు మనిషి. స్నానం చేశాక ఎవరైనా తగులుతారేమోనని వరండాలో గోడకి ఆనుకుని నడిచేవారు, అందుకే ఆ పేరు. మనిషి మంచివారే, కాకపోతే మంచితనం ఆయన్ని కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఆ ఏడు దసరా సెలవులు అయ్యాక ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. హాస్టల్లో ప్రతి గదిలోనూ ఒక మత గ్రంథం ఉండాలి, గూట్లోనే ఉండాలి, రోజూ పొద్దున ఆయన వచ్చి చూస్తారు, ఎక్కడైనా అపచారం జరిగితే ఆ గది సీట్లు రద్దు. ఏ గ్రంథం అనే పట్టింపు ఆయనకి లేదు, అది చెప్పుకోవాలి. పక్క గదిలో చర్చికి వెళ్ళే కుర్రాడు లేచి "మాది పెట్టుకోవచ్చా సార్?" అంటే, "శుభ్రంగా పెట్టుకో, దుమ్ము మాత్రం పట్టనీకు" అన్నారు. మా గదికి అట్టలున్న లావుపాటి గ్రంథం ఒకటి వచ్చింది. దాని అసలు పేరు పలకాలంటే పొన్నూరు నోరు కడుక్కొచ్చేవాడు. అంత శ్రమ ఎందుకని మేం దాన్ని పెద్ద పుస్తకం అనేవాళ్ళం.

మెస్సులో సమావేశం పెట్టి ఈ సంగతి చెప్పినప్పుడు లాయరు ఊరుకుంటాడా? లేచి నిలబడ్డాడు. "సార్, ఆ గదుల్లో మేం తడి లుంగీలు ఆరేస్తామండి. కొట్టుకుంటామండి. నోటికి రాని మాటలు కూడా వస్తాయండి. అలాంటి చోట గ్రంథం పెడితే దానికి గౌరవం ఉండదు, మాకు స్వేచ్ఛ ఉండదు. లైబ్రరీలో పెట్టించండి. కావలసినవాడు వెళ్ళి చదువుకుంటాడు." అందరం బల్లలు చరిచాం. (నేను కొంచెం మెల్లగా చరిచాను, సీటు గుర్తొచ్చి.) మడి సార్ కోప్పడలేదు. "లైబ్రరీకి ఎవడెళ్తున్నాడ్రా? నువ్వెప్పుడైనా వెళ్ళావా? కళ్ళ ముందుంటే, ఎప్పుడో మనసు బాగోలేని పూట ఎవడో ఒకడు తెరుస్తాడు. అంతమందిలో ఒక్కడు తెరిచినా నాకు చాలు" అన్నారు. లాయరు కూర్చున్నాడు. పెద్ద పుస్తకం మా గూట్లోకి వచ్చి కూర్చుంది.

ఇక చూడండి మా అవస్థ. పొన్నూరు స్టవ్వు మీద అట్టు పోసుకునేవాడు కాస్తా, గుడ్డు వాసన పెద్ద పుస్తకానికి తగులుతుందని స్టవ్వు తీసుకుని వరండా చివరికి పోయేవాడు. అక్కడ గాలికి స్టవ్వు ఆరిపోయేది. లాయరు నమ్మకం లేనివాణ్ణని ఊరంతా చాటుకుంటాడు గాని, క్షవరం చేయించుకుని వచ్చిన రోజున స్నానం చెయ్యకుండా గది గడప దాటలేకపోయాడు. కుళాయిలో నీళ్ళు లేవు, పాపం మెడ నిండా వెంట్రుకలతో బయటే నిలబడి "ఇది మూఢనమ్మకం, ఇది శుద్ధ మూఢనమ్మకం" అంటూ నీళ్ళొచ్చే దాకా గోక్కుంటూ ఉన్నాడు. నా సంగతి మరీ ఘోరం. తలుపు వైపు తల పెట్టి పడుకుంటే కాళ్ళు తిన్నగా గూడు వైపే. పెద్ద పుస్తకానికి కాళ్ళు చూపిస్తూ పడుకోవడమా? కళ్ళు మూస్తే నాయనమ్మ కనిపించేది. పోనీ అటు తిరుగుదామంటే తల ఉత్తరానికి వస్తుంది. ఉత్తరం వైపు తల పెట్టేది ఎవరికో, ఎప్పుడో మీకు తెలుసు. మంచం తిప్పుదామంటే సిమెంటు. కాళ్ళు ముడుచుకుని పడుకుంటే పిక్కలు పట్టేసేవి. అటు దొర్లి, ఇటు దొర్లి, లేచి కూర్చుని, దిండు మార్చి, మళ్ళీ దొర్లి, పొద్దున లెక్కల క్లాసులో తల వాల్చేవాణ్ణి. గదిలో కూర్చుని చదువుదామన్నా కుదురు లేదు. పుస్తకం పట్టుకుని వరండాలోకి, వరండాలోంచి చెట్టు కిందకి, అక్కణ్ణుంచి రైలు స్టేషను బెంచీ మీదకి, కాలు కాలిన పిల్లిలా తిరిగాను. హాఫ్ ఇయర్లీలో లెక్కలు పోయాయి. మిరపకాయల ఘాటు బాపట్ల దాకా కొట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెస్సులో పప్పు, గోంగూర గట్టిగా తిని వచ్చి, నిద్ర ముంచుకొస్తున్నా పడుకోలేక మంచం మీద గొంతుక్కూర్చుని ఏడుపు మొహంతో పైకి చూశాను. ఖాళీ ఉట్టి కనిపించింది. "ఒరేయ్, పుస్తకం కాళ్ళకి ఎదురుగా ఉంటే కదా గొడవ! అది పైనుంటే?" అన్నాను. లాయరు తటాలున లేచి కూర్చున్నాడు. "పాయింటే. పైకి కాళ్ళు చాపి ఎవడూ పడుకోడు" అన్నాడు. పొన్నూరు మాత్రం "ముందు పెరుగు వాసన పోవాలి" అని ఉట్టిని కుంకుడు రసంలో నానబెట్టి, ఎండలో ఆరేసి, పెట్టెలోంచి కొత్త తువ్వాలు తీసి పెద్ద పుస్తకానికి చుట్టి, నమస్కారం పెట్టి మరీ ఉట్టిలో కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం టీ గంట కూడా వినిపించనంత మొద్దు నిద్ర పోయాం ముగ్గురం. మంచివార్తకి కాళ్ళెక్కువ, పక్క గదుల వాళ్ళు వచ్చి చూసిపోయారు. రాత్రికల్లా కొక్కేలున్న గదుల్లో ఉట్లు వెలిశాయి. బాపట్ల బజారులో ఉట్లు అమ్మే ముసలాయన ఒకేసారి ఇంతమంది కుర్రాళ్ళు రావడం చూసి "హాస్టల్లో గేదెల్ని గాని కొన్నారేంటయ్యా?" అని అడిగాడట.

మర్నాడు పొద్దున మడి సార్ వచ్చారు. తిన్నగా గూటి దగ్గరికి వెళ్ళారు. గూడు ఖాళీ. గిరుక్కున వెనక్కి తిరిగి నా మంచం మీదకి వంగేసరికి ఆయన పొడుగుకి ఉట్టి సరిగ్గా నుదుటికి తగిలింది. "ఏంట్రా ఇది?" అన్నారు. "ఉట్టండి" అన్నాను. "ఉట్టని నాకూ తెలుసు! లోపలేంటి?" చెప్పాను. ఆయన మొహం ఎర్రబడిపోయింది. "ఎగతాళా? గ్రంథాన్ని పెరుగు కుండలా వేలాడదీస్తారా? హాస్టలంతా కూడబలుక్కుని చేశారా? ఎవడి బుర్రరా ఇది?" ఉట్టి మాదని అందరికీ తెలుసు. నాదేనన్నాను. "నీ సీటు రద్దు. మీ నాన్నని తీసుకురా" అని నుదురు రుద్దుకుంటూ వెళ్ళిపోయారు. నాకు అక్కడికక్కడే తుమ్ము వచ్చింది.

బాపట్లలో రైలెక్కి, తెనాలిలో మారి, రేపల్లె చేరేసరికి నాకు ఏడుపు తప్ప ఇంకేం మిగల్లేదు. కొత్త పంట రోజులు, మా నాన్న కొట్టు వదిలి కదిలే పరిస్థితి లేదు. మొత్తం విని, "బాగా అయ్యింది. రేపట్నుంచి తూకం నేర్చుకో" అన్నాడు. నాయనమ్మ వంటింట్లోంచి వచ్చింది. "నా ఉట్టి గొడవ కదా, నే వెళ్తా. నువ్వు నడవరా" అంది. ఇద్దరం రైలెక్కాం. రైలు మారేటప్పుడు తెనాలి స్టేషన్లో "ఉట్టి కడిగే కట్టారా?" అని అడిగింది. "కుంకుడు రసంలో నానబెట్టామే" అన్నాను. "ఊ" అని ఊరుకుంది. ఆ ఊకొట్టడంలో కోపముందో, మెచ్చుకోలుందో తెలియక బాపట్ల దాకా చచ్చాను.

మడి సార్ ఆవిణ్ణి చూసి మర్యాదగా లేచి నిలబడ్డారు. "చూడండమ్మా, మీ వాడు చేసిన పని" అని గదికి తీసుకొచ్చి చూపించారు. నాయనమ్మ ఉట్టిని కిందనుంచి పైదాకా తేరిపార చూసి, "ముడి సరిగ్గానే ఉంది. ఏంటండీ తప్పు?" అంది. "తప్పేంటంటారేంటమ్మా! పెరుగు పెట్టుకునే చోట..." "అయ్యా, మాది కృష్ణ ఒడ్డు. వరదొచ్చి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు మా మామగారు ముందు దేవుడి పుస్తకాల్ని ఉట్టెక్కించేవారు. ఆ తర్వాతే పసిపిల్లల్ని అటకెక్కించేది. ఇంట్లో దేన్ని కాపాడుకోవాలో దాన్ని ఉట్టి మీద పెడతాం గాని, ఎగతాళికి పెడతామా?" సార్ తగ్గలేదు. "గూడుందిగా?" అన్నారు. "ఉంది. పుస్తకం ఆ గూట్లోనే ఉందనుకుని, మీరొక్కసారి ఆ మంచం మీద పడుకోండి బాబూ" అంది. "నేనా?" "మీరే. మా వాడు పడుకుంటే మీకు తెలియదు."

పెద్దావిడ మాట తీసెయ్యలేక మడి సార్ కండువా సర్దుకుని నా మంచం మీద వాలారు. కాళ్ళు చాపారు. ఎదురుగా గూడు. చురుక్కుమన్నట్టు కాళ్ళు లాక్కున్నారు. ఇటు తిరిగి పడుకున్నారు. ఉత్తరం గుర్తొచ్చింది, "రామ రామ" అంటూ లేచి కూర్చున్నారు. వంగి మంచం కాళ్ళు పట్టుకుని కదిపి చూశారు, సిమెంటు. గుమ్మంలో హాస్టలంతా మూగి చూస్తోంది. పొన్నూరు నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. లాయరు, జీవితంలో మొదటిసారి, ఏ వాదనా చెయ్యకుండా నిలబడ్డాడు. మడి సార్ కాళ్ళు కింద పెట్టుకుని కూర్చుని, చివరికి నా వైపు చూసి, "ఇన్నాళ్ళూ ఎలా పడుకున్నార్రా?" అన్నారు. "పడుకోలేదండి" అన్నాను. ఆ మాట అనగానే నాకు నిజంగానే ఏడుపొచ్చేసింది. "సరేలే, ఏడవకు. సీటెక్కడికీ పోదు. ఆ ఉట్టి కాస్త ఎత్తు కట్టండి, నాకు తగలకుండా" అని లేచారు.

ఏడాది చివర లెక్కల పరీక్ష ముందు రోజు చదివింది చదివినట్టే ఎగిరిపోతుంటే, కాలు నిలవక మంచమెక్కి పెద్ద పుస్తకం దింపి తెరిచాను. ఒక పేజీ చదివాను. చదివిందంతా అర్థమైందని చెబితే అబద్ధం. మళ్ళీ తువ్వాలు చుట్టి పైన పెట్టి పడుకున్నాను, పడుకోగానే నిద్రపట్టింది. గట్టెక్కే మార్కులతో పాసయ్యాను. మిరపకాయల బస్తాల దగ్గరికి మా తమ్ముడు వెళ్ళాడు. (వాడికి తుమ్ములు రావు.)

చాలా ఏళ్ళ తర్వాత తెనాలిలో ఉద్యోగం చేస్తుండగా, మడి సార్ రిటైరై అంగలకుదురులో ఉంటున్నారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. ఒంట్లో బాగాలేక ముందు గదిలో మంచం మీదే ఉన్నారు. గది చిన్నది, మంచం ఒకవైపే పడుతుంది. మంచానికి ఎగువన, దూలానికి ఒక ఉట్టి. అందులో తెల్లటి గుడ్డ చుట్టిన పుస్తకం. ఉట్టి మొదలు దగ్గర వెలిసిపోయిన ఎర్ర పీలిక ముడి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన నవ్వారు. "మీరు గది ఖాళీ చేసినప్పుడు వదిలేసి పోయారుగా. పారెయ్యబుద్ధి కాలేదురా. మీ నాయనమ్మ గారెలా ఉన్నారు?" "పోయారండి." ఆయన పైకి, ఆ ఎర్ర పీలిక వైపు చూశారు. తర్వాత మెల్లగా, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నట్టు, "ఒరే, అప్పుడు హాస్టల్లో... ఎవడైనా దాన్ని తెరిచాడట్రా?" అన్నారు. "నేనొకసారి తెరిచానండి." "ఒక్కడు," అన్నారాయన. దుప్పటి కింద కాళ్ళు బారచాపుకుని కళ్ళు మూసుకున్నారు.

ఇప్పుడు నాది అప్పటి ఆయన వయసు. మా ఇంట్లో కొక్కేనికి ఉట్టి కాదు, పంకానే ఉంది. అయినా కొత్త చోటికి వెళ్తే నడుం వాల్చే ముందు నాలుగు గోడలూ, పైకప్పూ చూసుకుని, దిండు అటు వేసి, ఇటు వేసి, మళ్ళీ అటు వేస్తాను. "ఏంటండీ ఆ దొర్లడం, పడుకోరాదూ" అని మా ఆవిడ విసుక్కుంటుంది. పడుకుంటాను. పంకా వైపు చూస్తుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వుతోపాటు ఒక్కోసారి తుమ్ము కూడా వస్తుంది.