వానలో నిలబడ్డ వీరన్న

కారేపల్లి అవతల నేను పాఠాలు చెప్పే బడి ఉన్న తండాలోనే చాంది ఇల్లు. బడిపిల్లలకు మధ్యాహ్నం వండిపెడుతుంది. ఏ పిల్ల అయినా కడుపు పట్టుకుని మూలన కూర్చుంటే, ఎవరూ చెప్పకుండానే కాస్త అన్నం మెత్తగా పిసికి, పలుచటి మజ్జిగ పోసి తెచ్చి ఇస్తుంది. వంట మొదలుపెట్టే ముందు పొయ్యికి దండం పెడుతుంది. భద్రాద్రి రాముణ్ణి తలుచుకోకుండా గంటె ముట్టదు.

ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాళ్ళలో మొదటివాడు ఆమె తమ్ముడు వీరన్న. తల్లి పోయేనాటికి వాడు చంటివాడు. చాందిదీ ఇంకా గౌను వేసుకునే వయసే. వాణ్ణి చంకన వేసుకునే పత్తి ఏరడానికి పోయేది. సోమ్లాతో పెళ్ళయి అత్తగారింటికి వస్తే వాడూ వెంట వచ్చాడు. "పిల్లనిస్తమని పిలిచి పిలగాణ్ణి గూడ అంటగట్టిన్రు" అని సోమ్లా ఇప్పటికీ అంటాడు. అంటాడే గానీ, వీరన్నకు మొదటి చెప్పులు కొన్నది, సైకిల్ మీద బడికి దింపింది, రైల్వే పరీక్షకు సికింద్రాబాద్ తీసుకుపోయి చెట్టు కింద కూర్చున్నది అన్నీ సోమ్లానే.

వీరన్నకు ఉద్యోగం వచ్చింది. ఖరగ్‌పూర్ అవతల ఎక్కడో పట్టాలు చూసే పని. నారింజరంగు కోటు వేసుకుని ఫోన్లో కనిపించేవాడు. "రైలొస్తుంటె మేం పక్కకి దిగి, దాని దిక్కే చూసుకుంట నిలబడాలె అక్కా. అంతా పోయేదాంక కదలొద్దు" అని చెప్పేవాడు. ఈ ఏడు తుఫానుకు ముందు పట్టిన గాలివానలో, పట్టాల వెంట నడుస్తుండగా పిడుగు పడి చనిపోయాడు.

అక్కాబావలు రైలెక్కి పోయారు. ఇంతదూరం తెచ్చే స్థితి లేక అక్కడే దహనం చేశారు. తోటి పనివాళ్ళే మోశారు, కట్టెలు పేర్చారు. వాళ్ళలో మధిర వైపు నుంచి వచ్చిన బసవపున్నయ్య అనే పెద్దాయన, చాందికి ముద్ద దిగడం లేదని తెలిసి తన ఇంట్లో చారు కాయించి తెచ్చాడు. అస్థికలు చిన్న కుండలో పెట్టి, తెల్లగుడ్డ మూతి కట్టి ఆమె చేతికిచ్చారు. ఈలోపు తుఫాను తీరం దాటి రైళ్ళు ఆగిపోయాయి. పెద్దకర్మలోపల గోదావరిలో కలపాలి. పనివాళ్ళంతా కలిసి విమానం టికెట్లు తీశారు.

ఇక్కడ చాంది మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలి. ఊరుగాని ఊళ్ళో పోయినవాడికి ఇంటిదారి తెలియదని, వెంట తెచ్చుకునేవాళ్ళు ప్రతి వాగు దగ్గరా, ప్రతి గట్టు దగ్గరా పేరుపెట్టి పిలవాలని ఆమె అవ్వ చెప్పేదట. "మావోళ్ళల్ల అందరు చేస్తరో లేదో నాకు తెల్వదు మేడం. మా అవ్వ చెప్పింది. పిలవకుంటె ఆడ్నే ఆగిపోతరంట" అన్నది నాతో.

అందుకే ఖరగ్‌పూర్ నుంచి కోల్‌కతాకు కారులో వచ్చేటప్పుడు నది కనపడ్డప్పుడల్లా కుండ మీద చెయ్యివేసి పిలిచింది. "అమ్మా, ఇది రూపనారాయణ్ నదండీ" అని తోడు వచ్చిన బసవపున్నయ్య పేరు చెప్పేవాడు. "వీరన్నా, రూపనారాయణ దాటుతున్నం, రా బిడ్డా" అని ఆమె అనేది.

సోమ్లా కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఊకోవే. వాడు గా నది మీద రోజు పోయేటోడు. నీకంటె వానికే బాగ తెలుసు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఏడవకుండా ఉండడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే.

విమానాశ్రయంలో తనిఖీ చేసే జవాను గుడ్డ విప్పమన్నాడు. లోపల ఏముందో తెలిసి, దహనం కాగితం చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గుడ్డ మళ్ళీ తానే కట్టాడు. రెండు చేతులతో ఎత్తి ఇచ్చాడు. అతని భాష వీళ్ళకు తెలియదు.

విమానంలో కిటికీ పక్క సీటు సాహిత్య అనే అమ్మాయిది. హైదరాబాదులో ఉద్యోగం. "బిడ్డా, నాకు జర కిటికి కావాలె. కింద వాగులు కనపడాలె" అని చాంది అడిగితే, ఎందుకని అడగకుండా లేచి ఆ చివరికి జరిగింది. కిటికీ దగ్గర చాంది, నడుమ సోమ్లా, అంచున సాహిత్య. కుండ కాళ్ళ దగ్గర పెట్టమని విమానంలో పనిచేసే అమ్మాయి చెప్పింది. "కాళ్ళకాడ ఎట్ల పెడుతనమ్మా, మా తమ్ముడు" అన్నది చాంది. సాహిత్య ఆ అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. ఆ అమ్మాయి ఒక దుప్పటి తెచ్చి చాంది ఒడిమీద కప్పి, చూసీ చూడనట్టు వెళ్ళిపోయింది.

బయట వాన ధారలుగా పడుతోంది. రెక్క మీద నీళ్ళు ఎగిరిపడుతున్నాయి. మబ్బులు దిగి, పగలే దీపాలు పెట్టారు.

"ఇగో, గిసొంటి వానల మన ఇల్లెందు బస్సు గూడ కదలదు" అన్నాడు సోమ్లా.

"ఏం కాదంకుల్. పైలట్‌కి తెలుసు" అన్నది సాహిత్య. ఆమె వేళ్ళు మాత్రం బెల్టును వదలడం లేదు.

విమానం పరుగు తీసింది. చాంది సిద్ధంగానే ఉంది. నేల విడిచే క్షణాన పిలవాలని నోట్లో మాట పెట్టుకుని కూర్చుంది. అయితే ఆ పరుగు ఆమె అనుకున్నట్టు లేదు. ఒళ్ళంతా అదిరింది. పైన సామాను అరలు కటకటలాడాయి. వెనక ఎవరో పిల్ల ఏడుపందుకుంది. పక్క నుంచి గాలి కొట్టి రెక్క ఒకవైపు ఒరిగింది, అద్దం నిండా నీళ్ళు. చాంది కళ్ళు మూసుకుని "రామా, రామా" అంటూ సోమ్లా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి కింద గడ్డి దూరమైపోతోంది.

గడ్డి అంచున, వానలో, నారింజరంగు కోటు వేసుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. రైలొస్తుంటే పక్కకి దిగినట్టుగా, విమానం దిక్కే ముఖం పెట్టి, కదలకుండా.

ఆ వెంటనే మబ్బు మూసేసింది.

"నేను పిలవలే" అన్నది చాంది.

"ఏంది?"

"వాణ్ణి పిలవలే. రాముణ్ణి పిలిచిన. వాడు ఆడ్నే నిలబడ్డడు. నేను చూసిన."

"ఎవరో డ్యూటీ మనిషి. వాళ్ళు గూడ గసొంటి కోట్లే ఏసుకుంటరు."

ఆ మాట నిజమే కావచ్చు. ఆమెకూ ఆ సంగతి తోచకపోలేదు. కానీ అప్పుడే విమానం గాలిలో ఒక్కసారి కిందికి జారింది. ఒడిలో కుండ దుప్పటితో సహా పైకి లేచింది. బరువన్నదే లేనట్టు, వట్టి కుండ లేచినట్టు లేచింది. చాంది రెండు చేతులా పట్టుకున్నది గానీ, లోపల ఎవరూ లేరని ఆ క్షణాన ఆమెకు తెలిసిపోయింది.

అంతకన్నా ఆమెను తొలిచిన మాట వేరే ఉంది. వీరన్న చిన్నప్పుడు భద్రాచలంలో రాముడి కల్యాణానికి పోతే జనంలో తప్పిపోతాడేమోనని ఆమె వాడికి నేర్పింది: "చెయ్యి ఇడిస్తె ఎక్కడ ఇడిసినమో ఆడ్నే నిలబడు. ఎటు పోకు. నేనే ఒస్త." ఒకసారి నిజంగానే తప్పిపోయాడు. ఎండ నెత్తికెక్కింది, జనం తోసుకుంటూ పోతున్నారు, వాడు మాత్రం చెయ్యి విడిచిన కొబ్బరికాయల అంగడి ముందు అంగుళం జరగలేదు. చెప్పిన మాట వినే పిల్లవాడు. ఇప్పుడూ వింటాడు. ఆమె వచ్చేదాకా ఆ వానలో, ఆ గడ్డిలో, ఎన్నేళ్ళయినా నిలబడే ఉంటాడు.

"దించుమను" అన్నది సోమ్లాతో. "నేను దిగుత."

"పిచ్చి లేసిందా? ఇది ఆటోనా, ఆపుమంటె ఆపెటందుకు?"

"వాడు తడుస్తుండు."

సాహిత్య ఇద్దరినీ చూసింది. అడగాలో వద్దో తెలియక చాంది మోకాలి మీద చెయ్యి వేసింది.

అప్పుడు కిటికీ తెల్లబడింది. చప్పుడు తరువాత వచ్చింది, విమానం లోపలే ఎవరో ఇనుపరేకు విరిచినట్టు. దీపాలు ఆరి వెలిగాయి. జనం అరిచారు. కాసేపటికి పైలట్ గొంతు వినిపించింది. సాహిత్య అది విని చెప్పింది. "పిడుగు తగిలిందట ఆంటీ. ప్రమాదం ఏం లేదంట. కానీ చెక్ చెయ్యాలంట. వెనక్కి పోతున్నం."

"ఎటు?"

"లేచిన దగ్గరికే."

విమానమంతా భయంతో బిగుసుకుపోయి ఉంటే చాంది ఒక్కతే కుండను గుండెకు ఆనించుకుని కన్నీళ్ళతో నవ్వింది. రైలు ఆపవలసి వస్తే, చేతిలో జెండా ఏదీ లేకపోతే రెండు చేతులూ పైకెత్తి ఆపుతారని వీరన్న ఒకసారి ఫోన్లో చెప్పాడట. నాకు ఆ సంగతి చెబుతూ ఆమె పప్పులో గంటె తిప్పడం ఆపేసింది. "పిడుగు కాదు మేడం" అన్నది. రామచంద్రా అనుకున్నాను.

దిగేటప్పుడు చాంది ముక్కు అద్దానికి ఆనించి వెతికింది. వాన తప్ప ఏమీ కనపడలేదు.

చాలాసేపటికి వేరే విమానం ఇచ్చారు. కొందరు మాకొద్దని ఇళ్ళకు పోయారు, చాలా సీట్లు ఖాళీ. వాన తగ్గలేదు. చాంది మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంది. సోమ్లా నడిమి సీటు ముందు నిలబడ్డాడు, కూర్చోలేదు. వెనక సాహిత్య ఆగింది.

"బిడ్డా" అన్నాడు సోమ్లా, ఆ అమ్మాయి ముఖం చూడకుండా. "నువ్వు జర ముందటి సీట్ల కూసుంటవా? ఖాళీ ఉన్నట్టుంది."

"సరే అంకుల్."

సోమ్లా అంచు సీట్లో కూర్చున్నాడు. నడిమి సీటు వదిలేశాడు. తన బెల్టు పెట్టుకున్నాడు. ఆ తరువాత నడిమి సీటు బెల్టు రెండు కొసలూ వెతికి, తెచ్చి, టక్కున పెట్టాడు. అప్పటిదాకా భార్యను ఊకోమన్న మనిషి, విమానం పరుగు మొదలవగానే ఆమెకంటే ముందు తానే నోరు తెరిచాడు.

"ఏం రా బామ్మర్దీ! బావ పక్కన కూసునేటందుకు సిగ్గయితున్నదా? నిన్ను సైకిల్ మీద మోసిన. ఇప్పుడు విమానమెక్కిస్తున్న. రా, జల్దీ రా. మీ అక్క ఏడుస్తుంది."

"రా బిడ్డా" అన్నది చాంది. "నేల ఇడుస్తున్నం. నేనొచ్చిన, రా."

ఇద్దరూ తమ తండా భాషలో గట్టిగానే పిలిచారట. ముందు సీట్లో సాహిత్య వెనక్కి తిరగలేదు, భుజాలు మాత్రం కదిలాయి. విమానం ముక్కు పైకి లేస్తుంటే కుండ చాంది ఒడిలోకి బరువుగా అదిమింది. ఎత్తలేనంత బరువు. ఆమె బయటికి చూడలేదు. చూడాలనిపించలేదా అని అడిగాను. "కనపడితె మళ్ళ ఏం చెయ్యాలె మేడం?" అన్నది.

శంషాబాద్‌లో రాత్రి గడిపి, తెల్లవారుజామున జీపు మాట్లాడుకుని నేరుగా భద్రాచలం బయలుదేరారు. పిలవడం ఇప్పుడు సోమ్లా పని అయింది. "బామ్మర్దీ, మూసీ." పాలేరు దగ్గర, "నీళ్ళు బాగొచ్చినయ్ చూడు." ఖమ్మంలో మున్నేరు దాటేటప్పుడు, "ఇగ మన ఊరి గాలే." డ్రైవర్ జంపయ్య మొదట అద్దంలోంచి వింతగా చూశాడు. పాల్వంచ దాటి కిన్నెరసాని వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే బండి నెమ్మది చేసి, వాళ్ళు పిలిచేదాకా ఆగి, అప్పుడు పోనిచ్చాడు.

గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. నడుములోతు నీళ్ళలో నిలబడి చాంది గుడ్డ విప్పింది. రాముడి గుడి దిక్కు ఒకసారి చూసింది. "ఇగ ఈ తల్లి చెయ్యి పట్టుకో. ఇడువకు" అన్నది. కుండ వంచింది. కలిపిన తరువాత పేరెత్తి పిలవకూడదని కూడా అవ్వే చెప్పిందట.

చీకటి పడకముందే తిరిగి బయలుదేరారు. కిన్నెరసాని వంతెన దగ్గర జంపయ్య అలవాటుగా బండి నెమ్మది చేశాడు. సోమ్లా ముందుకు వంగి నోరు తెరిచాడు. చాంది అతని మోచెయ్యి పట్టుకుంది. కింద వాగు చప్పుడు లోపలికి వినిపిస్తోంది. జంపయ్య అద్దంలో ఇద్దరినీ చూసి, ఇంకాసేపు ఆగాడు. ఎవరూ పిలవలేదు. బండి మెల్లగా వంతెన దాటింది.