ఒక్కసారే అడిగాను

మా అప్ప నాతో మాట్లాడటం మానేసి మూడేళ్ళయింది. శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చిన మా ఇళ్ళలో అక్కను అప్ప అనే అంటాం. ఆ మూడేళ్ళూ తప్పంతా ఆవిడదేనని నేను గట్టిగా నమ్మాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పాను. నేను పిలిచాను, ఆవిడ రానంది, ఇందులో నా తప్పేముంది? అలా చెప్పుకుంటూ తిరిగిన నా నోటిని తలుచుకుంటే ఇప్పుడు నాకే అసహ్యం వేస్తుంది.

జరిగింది ఇదీ. మా ఊళ్ళోనే పర్సుడీహ్‌లో ఉండే మా బావ, అప్ప భర్త, పోయాడు. వాళ్ళకు పిల్లల్లేరు. మా వాళ్ళలో భర్త పోయిన ఆడమనిషిని, పెద్దదినం, అంటే పెద్దకర్మ, అయ్యాక, పుట్టింటివాళ్ళు వచ్చి తమ ఇంటికి నిద్రకు తీసుకెళ్ళాలి. అక్కడ ఒక రాత్రి పడుకుని వచ్చేదాకా ఆవిడ ఎవరి గడపా తొక్కదు. తీసుకెళ్ళేవాళ్ళు లేకపోతే ఆవిడకు ఎవరూ లేరన్నట్టే లెక్క. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. అప్పకు పుట్టిల్లంటే నేనే.

పెద్దదినం నాడు భోజనాలయ్యాక అప్ప దగ్గరికి వెళ్ళి, రేపు నిద్రకు మా ఇంటికి వస్తావా అని అడిగాను. తల ఎత్తకుండానే, “నానెక్కడికీ రాన్రా. నన్నిలా ఒగ్గీ” అంది. వదిలేయమంది కదా, వదిలేశాను. సరే అని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మా ఆవిడ తల కొట్టుకుంది. బతిమాలకుండా ఎవరైనా వస్తారా, రేపు మళ్ళీ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురండి అంది. నేను ఒంటికాలి మీద లేచాను. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి నోరు తెరిచి రానని చెప్పాక, మళ్ళీ వెళ్ళి ప్రాణం తీయడమేనా మర్యాద అన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. అప్ప మాటకు విలువ ఇచ్చిన తమ్ముణ్ణి కదా.

తర్వాత అప్ప నా ఫోన్ ఎత్తలేదు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు కార్డు పంపిస్తే రాలేదు. నాకు ఒళ్ళు మండింది. నేనూ వెళ్ళడం మానేశాను.

నేను జుగ్సలాయిలో లారీ కాటా దగ్గర పని చేస్తాను. లారీ ఎక్కుతుంది, బరువెంతో తెర మీద పడుతుంది, చీటీ చింపి ఇస్తాను. ముప్ఫై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. టిఫిన్ డబ్బాలో రోజూ అవే రెండు చపాతీలు, బంగాళాదుంప కూర. కూర మారిస్తే ఆ రోజంతా నాకు చిరాకు. ఇదంతా నా క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. మా ఆవిడ మొండితనం అనేది.

మొన్న ఎండాకాలంలో, కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి ఒక ప్రశ్నల కాగితం తెచ్చింది. మెదడు పనిచేసే తీరు అందరిలో ఒకలా ఉండదట. మన తీరు ఎలాంటిదో మనమే తెలుసుకోవడానికి ఆ ప్రశ్నలట. అభ్యాసం కోసం నన్ను కూర్చోబెట్టింది. ఆదివారం పొద్దున్న ముందుగదిలో బల్ల దగ్గర మొదలుపెట్టాం. ఆ పిల్ల హిందీలో అడుగుతుంది, నేను తెలుగులో చెబుతాను. మా ఇంట్లో మాటలు నడిచేదే అలాగ.

గోలలో ఉండలేరా? ఉండలేను. మనుషుల కళ్ళలోకి చూసి మాట్లాడటం కష్టమా? అవసరమేముంది, చెవులతో కదా వినేది? అమ్మాయి నవ్వుతూ టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఎదుటివాళ్ళ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంటారా అని అడిగింది. లేదన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. ఒకసారి తన చెల్లెల్ని టాటానగర్ స్టేషన్‌లో రైలెక్కించడానికి వెళ్ళి ఇంటికి రావడం ఆలస్యం చేశానట. మా ఆవిడ ఫోన్‌లో “ఇంక అక్కడే ఉండిపోండి, రావద్దు” అందట. నేను సాయంత్రం దాకా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నానట. నిజమే, కూర్చున్నాను. రావద్దంది కదా.

“పాపా, యే తో ఆప్ హీ హో” అంది అమ్మాయి. నాన్నా, ఇది అచ్చం మీరే అని. నవ్వుతూనే తర్వాతి ప్రశ్న చదివింది. ఎవరైనా వద్దు అంటే, అది నిజంగా వద్దనా, మొహమాటానికా, ఇంకోసారి అడగాలా అన్నది మీకు తెలుస్తుందా?

వద్దంటే వద్దనే కదా అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ ముఖం చూస్తే నాకు ఎప్పుడూ ఏమీ తెలియదు. ఆ రోజు తెలిసింది. దేవుడా, రానని అప్ప అన్నది నన్ను బతిమాలమని!

చిన్నప్పుడు ఇవన్నీ నాకు నేర్పింది అప్పే. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. భోజనానికి వచ్చినవాళ్ళు చాలంటే వెంటనే ఊరుకోకూడదు, మూడుసార్లు అడగాలి అని చెప్పింది. ఇప్పటికీ ఎవరొచ్చినా మనసులో లెక్కపెట్టుకుని మరీ మూడుసార్లు అడుగుతాను. కానీ అది అన్నం దగ్గరి మాట అనుకున్నాను. మొగుడు పోయినమ్మకూ అదే మాట వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషే ఆ రోజు మూల కూర్చుని ఉంది.

ఈ కాగితం డాక్టరు మాట కాదు, డాక్టరే తేల్చాలి అని అమ్మాయి ఒకటికి రెండుసార్లు చెప్పింది. వెనక పేజీలో, చిన్నతనం నుంచీ మిమ్మల్ని ఎరిగినవాళ్ళు చెప్పాల్సిన ప్రశ్నలున్నాయి. అలాంటి మనిషి నాకు ఒక్కతే మిగిలింది. మర్నాడు సెలవు పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని పర్సుడీహ్ వెళ్ళాను.

అప్ప వాకిట్లో ములగాకు దూస్తోంది. జుట్టు బాగా నెరిసిపోయింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, తిట్టనూ లేదు. స్టూలు చూపించింది. ఎందుకొచ్చానో చెప్పాను. చదవమంది.

ప్రశ్న పూర్తికాకుండానే జవాబులు చెప్పింది. దుర్గాపూజ డప్పులకు నేను మంచం కింద దూరితే తనూ దూరి నా చెవులు మూసేదట. పప్పు కూరకు తగిలితే కంచం తోసేసేవాణ్ణట, ఆ కంచం తను తినేదట. మగపెళ్ళివారు ఆకలిమొహాలని నాన్న ఇంట్లో గొణుక్కుంటే, తన పెళ్ళిలో ఆ మాట వాళ్ళకే వెళ్ళి చెప్పానట. అది చెబుతూ కొంచెం నవ్వింది. నాకు ఆశ పుట్టింది. ఇంత బాగా ఎరిగిన మనిషి నన్ను క్షమించకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను.

అందుకే గబగబా చెప్పేశాను. నిద్రకు మళ్ళీ అడగకపోవడం కావాలని చేసింది కాదనీ, నా బుర్ర తీరే అంత అనీ, కావాలంటే ఈ కాగితం చూడమనీ.

అప్ప కాగితం తీసుకోలేదు. ఆకు దూస్తూనే మాట్లాడింది. పెద్దదినం మర్నాడే సంచిలో రెండు చీరలు సర్దుకుందట. సందులో ఆటో ఆగిన ప్రతిసారీ లేచి నిలబడేదట. వారం చూసి, పక్కింటి ఒడియా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని తన ఇంటికి నిద్రకు తీసుకెళ్ళిందట. మన ఆచారం ఆవిడకేం తెలుసు, అడిగి తెలుసుకుందట. పుట్టింటి నిద్ర పరాయింట్లో అయిపోయింది అంది అప్ప.

“నువ్విలాంటోడివని నాకు తెల్దేటి? నిన్ను పెంచినదాన్ని” అంది. “మల్లీ అడగవని ఆ రోజే తెలుసు. తెలిసీ సంచి సర్దుకున్నాను. జలమకి ఒక్కసారి, నాను సెప్పకుండా వత్తావని సూసేను.”

ఏడవాలనిపించింది, ఏడుపు రాలేదు. నాకు ఎప్పుడూ ఆ వేళకు రాదు.

“తప్పయిపోనాది అప్పా. ఇప్పుడేటి సెయ్యమంటావో సెప్పు” అన్నాను.

అప్ప ఆకు దూయడం ఆపింది.

“అదిగో, మల్లీ నన్నే అడుగుతన్నావు” అని ములగాకు చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు. వెనకాలే రమ్మనో, ఇంక పొమ్మనో నాకు అర్థం కాలేదు. అలాంటివి చిన్నప్పటి నుంచీ నేను అప్పనే అడిగేవాణ్ణి.