దుబాయి టవలూ, నా శక్తీ

ఆ రోజుల్లో మా జమ్మికుంట మార్కెట్ యార్డులో ఏ పిల్లనడిగినా పత్తి కుప్పలో చెయ్యి పెట్టి తడి ఉందో లేదో చెప్పేసేది. నడక నేర్చినట్టే అదీ నేర్చేవాళ్లం. ఆ సంగతి లక్సెట్టిపేట దగ్గర శక్తులున్న పిల్లల కోసం పెట్టిన హాస్టల్ బడి సార్లకు తెలియదు. పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చిన వాళ్ల ముందు నేను కుప్పలో చెయ్యి పెట్టి, "గిది పైకే ఎండింది, లోపల పచ్చిగున్నది సార్" అన్నాను. తీసి చూస్తే నిజమే. వాళ్లు నోరెళ్లబెట్టారు. మా మేనమామ (ఆయనకూ అదే విద్య వచ్చు, అయినా) "పుట్టుకతోనే సార్!" అనేశాడు. అలా ఆరో తరగతిలో చేరిపోయాను.

అక్కడ ఒకడు నేలకు అరడుగు పైన నడిచేవాడు (చెప్పులు అరగవని వాళ్లవ్వ మురిసిపోయేది). ఇంకో పిల్ల చల్లారిన చారును చూపుతోనే మరగబెట్టేది. నేను మాత్రం ఉతికిన బట్టలు ఆరాయో లేదో చెప్పేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. నవ్వనిది నా పక్కమంచం పిల్ల ఒక్కతే. ఆమెను చెవుల రాణి అనేవాళ్లం. గోదావరి అవతలి ఒడ్డున మాట్లాడుకున్నా ఆమెకు వినబడేది కానీ, సముద్రం అవతలున్న వాళ్ల బాపు గొంతు మాత్రం అందేది కాదు. ఒకరోజు ఆయన దుబాయి నుంచి పంపిన టవల్ నా చేతిలో పెట్టి, "జర పట్టి చెప్పవే, మా బాపు ఎప్పుడొస్తడు?" అంది. నాకు తెలిసిందల్లా ఆ టవల్ ఇంకా సరిగా ఆరలేదనే. ఆ మాటంటే ఈమె కూడా నవ్వుతుందేమోనని భయమేసింది. కళ్లు మూసుకుని, కాసేపు ఊగి (ఎందుకు ఊగానో నాకే తెలియదు), "బతుకమ్మ పండుగకు వస్తడు" అన్నాను.

అప్పటి నుంచి వచ్చే ప్రతి బస్సుకూ ఆమె తల పక్కకు వాల్చి వినేది. పండుగ వచ్చింది, పోయింది. ఆయన రాలేదు. పిల్లలు నన్ను వెక్కిరిస్తే, "నా దోస్తు తప్పు చెప్పదు. మా బాపే రాలే" అని వాళ్ల మీదికి పోయింది. ఆదివారం వార్డెన్ గదికి ఆయన ఫోన్ చేస్తే, "నేను మాట్లాడ" అని రిసీవర్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పాపం, ఆయన వస్తానని ఎన్నడూ అనలేదు. "నా బిడ్డకు నా మీద కోపమొచ్చిందా అమ్మా? నేనేం చేసిన?" అని అడిగాడు. వరండా చివరనున్నా ఆమెకు అంతా వినబడుతుందని తెలుసు. అందుకే నిజం నోటికి రాలేదు. "ఆడుకోను పోయింది" అని ఫోన్ పెట్టేశాను.

తర్వాత మా శక్తులకు పెట్టిన పరీక్షలో, మూసిన పెట్టె చూపించి లోపల ఏముందని అడిగితే "తడైతే లేదు సార్" అన్నాను. ఇంటికి పంపేశారు. ఆమెతో ఏమీ చెప్పకుండానే వచ్చేశాను, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ఎవరేం అడిగినా ముందు "నాకు తెల్వదు" అంటాను. టైమెంత అన్నా అదే అంటానని మా ఇంటాయన నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఆ ఒక్క మాట అప్పుడు అనుంటే, ఒక పిల్ల ఆ ఆదివారం వాళ్ల బాపుతో మాట్లాడి ఉండేది.