రోగం ముట్టని జోగులమ్మ

జోగులమ్మ మా అమ్మమ్మకు తోడబుట్టిన అక్క. చిన్నప్పుడు ఆమెకు అమ్మవారు పోసింది. తల్లి ప్రాణం తియ్యలేదు గానీ, పోతూ పోతూ మొహం నిండా గుంటలు పెట్టి పోయింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరింట్లో అమ్మవారు పోసినా జోగులమ్మకే కబురు వచ్చేది. ఒకసారి పోసిన మనిషిని తల్లి మళ్లీ ముట్టదనీ, ఆ మనిషి వల్ల ఇంకొకరికి ఏ చెడూ రాదనీ అందరి నమ్మకం. మొదటి మాట నిజమే. రెండోదాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఇటిక్యాల దగ్గర కృష్ణ రేవులో జనాన్ని నది దాటించే పుట్టి నడిపే కురుమూర్తి ఆమెను కోరి చేసుకున్నాడు. ఆ మొహం చూసే చేసుకున్నావా అని తోటివాళ్లు ఎగతాళి చేస్తే, నా పుట్టి మాత్రం అందంగా ఉందా, మిమ్మల్ని ఒడ్డు చేర్చడం లేదా అన్నాడట. మంచివాడు. ఒక్కటే కష్టం, ఉబ్బసం. నది మధ్యలో తెడ్డు ఆపి, ఎగశ్వాసతో కూలబడిపోయేవాడు. పుట్టిలో ఉన్నవాళ్లు కేకలు పెట్టేవాళ్లు. ఒడ్డున జోగులమ్మ గుండె అరచేతిలో పెట్టుకుని నిలబడేది. ఆమెకున్న కోరికల్లా అతని ఊపిరి కుదుటపడాలని.

రెండో పెద్ద యుద్ధానికి ముందటేడు హైదరాబాదు నుంచి శాంతయ్య అనే డాక్టరు వచ్చి, రేవు దగ్గర పాడుబడ్డ ముసాఫర్‌ఖానా సత్రంలో దిగాడు. ఎక్కడో దూరదేశంలో గబ్బిలాలు పిచ్చికుక్క రోగాన్ని పశువులకు అంటిస్తున్నాయనీ, వాటిలో కొన్ని తాము మాత్రం చావకుండా తిరుగుతున్నాయనీ ఆయన చదివాడు. మన గబ్బిలాల సంగతి కూడా తేల్చాలని పంతం పట్టాడు. పిచ్చికుక్క విషాన్ని సూదితో వాటికెక్కించి, బోనుల్లో ఉంచి, అప్పుడప్పుడూ వాటి ఉమ్మి తీసి వెనక గదిలోని ఎలుకలకు ఎక్కించేవాడు. ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. బోనులు చూసుకోవడానికి రోగమంటే బెదరని మనిషి కావాలంటే ఊరంతా ఒక్క పేరే చెప్పింది.

అలా జోగులమ్మ గబ్బిలాలకు కాపరి అయింది. జామపళ్లు, మేడిపళ్లు కోసిపెట్టేది, బోనులు కడిగేది. ఇంటికొస్తే కురుమూర్తి ముక్కు మూసుకుని, ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల వాసన అని నవ్వేవాడు. మొదట్లో కొన్ని చచ్చాయి. మిగిలినవి నెలల తరబడి సుఖంగా తిని, తలకిందులుగా వేలాడుతూ ఒళ్లు నాక్కుంటూ ఉన్నాయి. అవి కూడా తనలాంటివే అనుకుంది జోగులమ్మ. తల్లి ముట్టి వదిలేసినవి.

ఒకనాడు డాక్టరు వెనక గదిలోంచి వస్తూ, వీటికి ఏమీ కాలేదు జోగులమ్మా అని సంబరంగా చెప్పాడు. వెనక గదిలో ఎలుకలు చస్తున్నాయన్నది ఆయన సంబరంలో రెండో సగం. దాన్ని ఇంగ్లీషులో తనలో తనే గొణుక్కున్నాడు. చదువుకున్నవాళ్లకు ఇదో జబ్బు. తోలు తొడుగులు లేకుండా ముట్టొద్దనీ, పని అయిపోయినవాటిని చంపి కాల్చెయ్యమనీ మాత్రం గట్టిగా చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. అదంతా పట్నం మనిషి అతిశుభ్రం అనుకుంది ఆమె.

ఎండలు ముదిరేసరికి కురుమూర్తి ఆయాసం బాగా పెరిగింది. గబ్బిలం మాంసం ఉబ్బసానికి మందు అని పెద్దలు చెప్పే మాట ఎప్పటినుంచో ఉన్నదే. కాల్చెయ్యాల్సిన గబ్బిలాన్నొకదాన్ని జోగులమ్మ గుడ్డలో చుట్టి ప్రాణంతోనే ఇంటికి తెచ్చింది. కోయడానికి కురుమూర్తి పట్టుకుంటే అది బొటనవేలు కొరికింది. పసుపు, సున్నం పెట్టుకున్నాడు. పులుసు తాగి, మందు పనిచేసిందో మనసే నమ్మిందో గానీ, ఆ వారం హాయిగా నిద్రపోయాడు. వేలి సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

కృష్ణకు కొత్తనీళ్లు వచ్చాక ఒక పొద్దున కురుమూర్తి తెడ్డు భుజాన వేసుకుని పని మధ్యలోనే ఇంటికొచ్చేశాడు. మొహం మీద నీళ్లు చిందితే గొంతు పట్టేస్తోందన్నాడు. జోగులమ్మ చెంబు అందించింది. కృష్ణ మీదే పెరిగినవాడు చెంబెడు నీళ్లు చూసి వణుకుతూ గోడకు జరిగాడు. అది పిచ్చికుక్క రోగమని అప్పుడు అర్థమైంది ఆమెకు.

పరిగెత్తి డాక్టరును పిలుచుకొచ్చింది. ఏ కుక్క కరిచిందని ఆయన అడిగాడు.

“కుక్క గాదు సాబ్, మీ గబ్బిలం. కాల్చెయ్యమన్నదాన్ని నేనే తెచ్చిన. అది మంచిగనే ఉండె గద? దానికి రోగం రాలే గద?”

శాంతయ్య గడప మీద కూర్చున్నాడు. “దానికి రాలేదమ్మా. కానీ దాని ఉమ్మిలో రోగం ఉంది. తను చావకుండా ఇతరులకు పంచుతుంది.”

“గీ మాట నాకెందుకు చెప్పకపోతిరి?”

ఆయన చదివిన అంత చదువూ ఆ గడప దగ్గరే ఆగిపోయింది.

కురుమూర్తి చావు చూడలేనిది. తెలివి ఉన్నప్పుడల్లా దగ్గరికి రావొద్దని చేత్తో సైగ చేసేవాడు. నన్నేదీ ముట్టదు అంటూ ఆమె అతని నోటి నురగను కొంగుతో తుడుస్తూనే ఉంది. మూడో పొద్దు చూడకుండానే పోయాడు.

ఆమె చేతుల నిండా గబ్బిలాల గోళ్ల గీతలున్నాయి, వాటికి ఆ నురగ తగిలింది, సూదులు వెయ్యకపోతే ఈమె కూడా దక్కదని డాక్టరు చెప్పాడు. జోగులమ్మ రానంది. నాకు మిగిలింది నువ్వొక్కదానివే అంటూ అత్త, కురుమూర్తి తల్లి సుభద్రమ్మ చెయ్యి పట్టి లాక్కుపోయింది. అత్త బయట నీడన కూర్చుంది. లోపల శాంతయ్య చెక్క బీరువా తెరిచి మందు సీసా తీశాడు. ఆ బీరువాను జోగులమ్మ రోజూ తుడిచేది.

“గీ మందు ఎప్పుడొచ్చింది సాబ్?”

“నేను వచ్చిననాటి నుంచీ ఉంది. ఇక్కడ మనలో ఎవరికైనా కాటు పడితే ఉండాలని తెచ్చాను. కరిచిన వెంటనే వేస్తే...” అని ఆపేశాడు.

పొట్ట మీద సూది దిగుతుంటే ఆమె కదల్లేదు. ఇంటిదారిలో సుభద్రమ్మ అడిగింది. “గీ మందు అప్పుడే వచ్చుంటే మా కురుమూర్తి బతుకుతుండె గద బిడ్డా?”

“గప్పుడు రాలేదత్తా,” అంది జోగులమ్మ.

సూదులన్నీ అయ్యేదాకా ముసలామె ప్రతి రోజూ అదే అడిగింది. కోడలు ప్రతి రోజూ అదే చెప్పింది. ఆ తర్వాత సుభద్రమ్మ చాలా ఏళ్లు బతికింది. ఎవరొచ్చినా కొడుకు సంగతి చెప్పి, మందు ఆలస్యంగా వచ్చింది, మా నసీబు అని ముగించేది. ముగించి, పక్కనున్న కోడలి వైపు తిరిగి, “గంతే గద జోగులూ?” అనేది.

“గంతే అత్తా.”