ఓటుకు ముందు అడిగిన దోవ

పేపర్లో సర్పంచి అని రాస్తారు. మా చేజర్ల పక్క పల్లెల్లో ఆ మాట ఎవురి నోటా రాదు. మాకు ప్రెసిడెంటే. ప్రెసిడెంటు ఎలక్షన్లు వచ్చినాయంటే నాకు పెళ్ళిళ్ళ సీజను వచ్చినట్టే, ఓట్ల కోసం పంచిన గుడ్డలతో జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు జాస్తి. మిషను కాడ కూసుంటే ఊళ్ళో మాటలన్నీ నా చెవిలోనే పడతాయి. అన్నీ విని, ఆఖర్న మా ఆయన ఎవురికెయ్యమంటే వాళ్ళకు గుద్దేసి వచ్చేదాన్ని. మా ఆయన్నడిగితే వాళ్ళ పెదనాయన చెప్పినాడనేవాడు. ఆ పెదనాయనకు ఎవురు చెప్పినారో దేవుడికే తెలియాల.

మొన్నటి ఎలక్షన్లకు మాత్రం నేను మొండికేసినా. నిలబడినోళ్ళు ఇన్నాళ్ళూ ఏం చేసినారో, ఇక మీదట ఏం చేస్తారో నేనే కనుక్కోని అప్పుడు ఓటేస్తానని ఇంట్లో చెప్పేసినా.

"చీర కొనాలంటే ఆత్మకూర్లో అన్ని అంగళ్ళూ ఎక్కి దిగుతాం. అంచు పట్టుకోని లాగి చూస్తాం. ఊరినప్పజెప్పే మనిషిని మాత్రం చూడకుండానే తెచ్చుకుంటామా?" అన్నా.

"చీర బాగలేకపోతే మార్చుకోవచ్చు మే, ప్రెసిడెంటును మార్చుకోలేము" అని మా ఆయన నవ్వినాడు.

"అందుకే చెప్తా ఉండా" అన్నా.

నాకంత పట్టుదల రావడానికి కారణం మా అత్త. మా మామ పోయినప్పుడు కార్తీక మాసం. తుపాను పట్టి చెరువు నిండిపోయింది. మా స్మశానం చెరువుకు అవతల మిట్ట మీద ఉండాది. ఎండాకాలమైతే ఎండిన చెరువులో నడిచిపోతారు. నీళ్ళొచ్చినాయంటే ఇంకో దోవ లేదు, పాడె భుజాన పెట్టుకోని నీళ్ళలో దిగాల్సిందే. మా పుట్టిల్లు ఉదయగిరి పక్క. ఆడ చెరువులు నిండేదే అపురూపం, ఇట్టాంటిది నేనెప్పుడూ చూళ్ళా. ఆడోళ్ళం స్మశానానికి పోకూడదు కాబట్టి కట్ట మీదే నిలబడి చూస్తా ఉండినాము. మగోళ్ళకు రొమ్ముల దాకా వచ్చినాయి నీళ్ళు. నడిమధ్యలో ఒకాయన కాలు జారింది. పాడె పక్కకు ఒరిగి మామ నీళ్ళలో పడిపోయినాడు. బతికినన్నాళ్ళూ ఆ చెరువులోనే చేపలు పట్టిన మనిషి. మళ్ళా దేవులాడి, పట్టుకోని, పాడె మీద పెట్టినారు. మా అత్త ఏడవలా. నా చెయ్యి గట్టిగా పట్టుకోని, "నన్ను మాత్రం ఎండాకాలంలో తీసకపొమ్మని చెప్పమ్మే దేవుడికి" అనింది.

అప్పట్నుంచీ వానలు పడితే చాలు ఆమెకు దిగులు. కాస్త జొరమొచ్చినా, దగ్గొచ్చినా, "చెరువులో నీళ్ళు ఎందాకా ఉండాయి?" అని అడుగుతాది. సావంటే భయం లేదు ఆమెకు. పొయ్యే దోవంటేనే భయం. జీవితమంతా ఒకరి పొలంలో వంగిన మనిషి, ఆఖర్న అడిగేది నలుగురు నడిచే దోవ. అది కూడా ఇయ్యలేదు ఈ ఊరు.

ఈసారి ప్రెసిడెంటు సీటు ఆడోళ్ళకు వచ్చింది. ఇద్దరు నిలబడినారు. ఒకామె పెద్దింటి కోడలు. ఆమె మామ పొయ్యేదాకా ఊరికి ఆయనే ప్రెసిడెంటు, మా పల్లె కూలి పనంతా వాళ్ళ పొలాల్లోనే. ఇంకొకామె మొగుడికి ఆత్మకూర్లో ఎరువుల అంగడి ఉండాది. కాంట్రాక్టులు కూడా చేస్తాడు. ఫ్లెక్సీల్లో మొగుళ్ళిద్దరూ మీసాలు దువ్వుకోని నిండుగా నిలబడి ఉండారు, నామినేషన్ వేసిన ఆడోళ్ళు మూలన స్టాంపు బిళ్ళంత. ఎరువులంగడామెకు కత్తెర గుర్తు వచ్చింది. ఇంకేముంది, నేను జాకెట్లు కుట్టేదాన్ని, నా ఓటు కత్తెరకేనని ఊరు తేల్చేసింది. పెద్దింటామెకు ఉంగరం. "ఉంగరం నీకు యాడుండాది, కత్తెరైతే చేతిలోనే ఉండాది" అని ఒకటే ఎగతాళి.

రెండు పక్కలోళ్ళూ వచ్చి నాకు బొట్టు పెట్టినారు, మా అత్త కాళ్ళకు దండం పెట్టినారు. ఏం కావాలంటే, స్మశానం దోవ అన్నాము. ఆ పూచీ మాదన్నారు రెండు పక్కలోళ్ళూ. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. ఇట్టాంటి పూచీలు మా అత్త తన తల నెరవకముందు నుంచీ వింటా ఉండాది.

ముందు ఫోన్లో చూసినా. రెండు పక్కలోళ్ళవీ పాటలుండాయి, డప్పులుండాయి, పైనుంచి తీసిన వీడియోలుండాయి. ఏం చేస్తారో మాత్రం ఒక్క ముక్క లేదు. సరే, ఫోను చెప్పకపోతే కాళ్ళుండాయి కదా అని, కలువాయి దోవలో మా పిన్నమ్మ వాళ్ళ పల్లెకు బస్సెక్కినా. ఆ పల్లెలో సిమెంటు రోడ్డు వేసింది ఎరువులంగడాయనే. పగుళ్ళిచ్చి, పెచ్చులు లేచి ఉంటాదనుకుంటా పోయినా. తీరా చూస్తే రోడ్డు శుభ్రంగా ఉండాది. పక్కన కాలవ కూడా కట్టించినాడు. "మంచోడే మే, పని దగ్గర నిలబడి చేయించినాడు" అనింది పిన్నమ్మ. చెడ్డగా ఉండుంటే నాకు తేలికయ్యేది. మనసులో ఒక మనిషిని దొంగని చేసుకోని పోయినాక ఆయన దొంగ కాదంటే ఒప్పుకునేది కష్టమే. అయినా ఒప్పుకున్నా.

ఆయన మళ్ళా మా వీధికి వచ్చినప్పుడు అడిగినా. "అన్నా, దోవ వేయిస్తానన్నావు కదా, ఏ పక్క నుంచి వేయిస్తావు?"

"చెరువులో మట్టి తోలించి వేసేస్తాం."

"నీళ్ళొస్తే ఆ మట్టి నిలబడతాదా?"

"అదంతా ఇంజినీర్లు చూసుకుంటారులే అమ్మా. నువ్వు కత్తెర మీద గుద్దు, చాలు."

పక్కనే ఆయన పెళ్ళాం చేతులు జోడించి నిలబడి ఉండాది. "నువ్వు చెప్పక్కా" అన్నా. ఆమె మొగుడి మొహం చూసి నవ్వింది. మేళం ముందుకు పోయింది.

ఇక పెద్దింటోళ్ళ సంగతి. ఆ పెద్దాయన కొళాయిలు వేయించినాడు, బడికి గోడ కట్టించినాడు, దీపాలు పెట్టించినాడు. అబద్ధం ఎందుకు, చేసినాడు. అన్ని చేసిన మనిషి ఈ ఒక్క దోవ ఎందుకు వేయించలా అని ఎవుర్నడిగినా ఫండ్సు రాలేదంటారు. నాకు మింగుడు పడలా. ఒకరోజు పొద్దున్నే మా ఆయన వలలు తీసేదానికి పోతా ఉంటే ఆయన థర్మకోల్ తెప్ప మీద నేనూ ఎక్కి కూసున్నా. "మునిగితే నా పూచీ లేదు" అన్నాడు. నీళ్ళ మీద నుంచి చూస్తే ఊరు కొత్తగా కనపడింది. కట్ట చివరి నుంచి స్మశానం దాకా ఒక మెరక సన్నంగా పోతా ఉండాది, ఎంత నీరొచ్చినా మునగని మెరక. దాని మీద పెద్దింటోళ్ళ నిమ్మచెట్లు ఒక వరసగా నిలబడి ఉండాయి. మిగతా తోటంతా పల్లంలో, ఆ ఒక్క వరసే ఎత్తున. చుట్టూ ముళ్ళకంప.

"అది ఒకప్పుడు దోవే అని మా నాయన అనేవాడు" అన్నాడు మా ఆయన, వల లాగుతా.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేస్తావు, పోయి చెట్లు పీకతావా?"

ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి మా అత్తకు చెప్పినా. చేపలు తోముతా ఉండింది. "నిమ్మచెట్లా" అని మాత్రం అనింది. తోముతా ఉండే చేపను పక్కన పెట్టి ఇంకోటి తీసుకునింది.

పెద్దింటికి పోతే వసారాలో మగోళ్ళు కూసోని ఉండారు. "ఏంది మే, ఏం కావాల, నాకు చెప్పు" అన్నాడు ఆమె మొగుడు. అక్కకు జాకెట్టు కొలతలు తీసుకోవాలని టేపు చూపించినా. ఆ టేపు నా మెళ్ళో ఉంటే నేను పోలేని ఇల్లు లేదు, ఏ మగోడూ ఆ గదిలోకి రాడు. ఆమెను నిలబెట్టి, చెయ్యి ఎత్తమని, చంక కొలత తీసుకుంటా అడిగేసినా.

"అక్కా, కోప్పడొద్దు. మీ నిమ్మతోట మా స్మశానం దోవ మీద ఉండాది. మా అత్తకు ఆ దోవ కావాల. గెలిస్తే ఇస్తావా?"

ఆమె ఎత్తిన చెయ్యి దించలా.  "ఎలక్షన్లు మొదలైన కాడ్నుంచి నన్ను ఒకరు ఒక మాట అడగడం ఇదే" అనింది. "కాఫీలు ఎంతమందికి అని తప్ప ఇంకేమీ అడగలా. ఆ తోట నా పేరు మీదే ఉండాదంట. మా మామ ఎందుకో రాయించినాడు. నేను ఒక్కసారి కూడా లోపలికి పోలా."

"అయితే మాటియ్యక్కా."

"ఇయ్యను. ఇచ్చి తప్పితే మీ అత్త ముందు నిలబడలేను. గెలిస్తే మా ఆయన ప్రెసిడెంటు, ఓడితే నేను ఓడినట్టు. ఈ ఇంట్లో నా మాట ఎంత దూరం పోతాదో నాకే తెలియదు. ముందు పోయి చూస్తా. అంతకు మించి చెప్పను."

ఊ అనిపించుకోవాలని పోయి కాదనిపించుకోని వచ్చినా. వీధిలో నడుస్తా ఆమెను తిట్టుకున్నా కూడా. కానీ మిషను ముందు కూసోని ఆమె ఇచ్చిన జాకెట్టు గుడ్డ కత్తిరిస్తా ఉంటే ఇంకో ఆలోచన వచ్చింది. ఊరంతా ఇస్తామన్నారు, ఇన్నేళ్ళుగా ఇస్తామనే ఉండారు. నాతో అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఇయ్యననింది ఈమె ఒక్కతే.

ఉంగరానికేస్తానంటే మా ఆయన తల కొట్టుకున్నాడు. "ఇస్తానన్నాయన్ని కాదని ఇయ్యనన్నామెకు ఏస్తావా? దీనికా ఇంత తిరిగింది?"

"దీనికే" అన్నా.

మా అత్తను బూతు దాకా చెయ్యి పట్టుకోని తీసకపోయినా. ఎవురికేసినావంటే, "అది చెప్పేదైతే తడిక కట్టి లోపల ఎందుకేయిస్తారు?" అనింది.

ఉంగరం ఓడిపోయింది. ఎరువులంగడాయన మెళ్ళో దండలేసి ట్రాక్టరు మీద తిప్పినారు, గెలిచిన ఆమె వెనకాల కారులో కూసోని ఉండాది. కొన్నాళ్ళు ఊరంతా నన్ను ఆటపట్టించినారు. దోవ సంగతి అడిగితే ఎస్టిమేట్లు పోయినాయన్నారు. ఆయన అబద్ధమాడతా ఉండాడని నేననను, పోయే ఉంటాయి. కానీ ఎస్టిమేట్లు పోయినంత తేలిగ్గా మనిషి పోలేడు కదా ఆ నీళ్ళలో. వానలు పడినాయి, చెరువు నిండింది. ఆ ఏడు మా అత్తకు దగ్గు పట్టుకోని వదల్లా. మంచంలోంచే నీళ్ళెందాకా ఉండాయని అడిగేది. తగ్గినాయిలే అని నేను అబద్ధం చెప్పేదాన్ని. ఆమె బతికి లేచింది గానీ, లేచిందాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ఆ తర్వాత ఒకనాడు పెద్దింటామె నా మిషను కాడికి తనే వచ్చింది. ఓట్లయిపోయినాయి, ఆమెకు మాతో పనేమీ లేదు. "రేపు పొద్దున మీ అత్తను తీసుకోని తోట కాడికి రా" అనింది.

పోయినాము. కట్ట చివర ముళ్ళకంప కొట్టేసి ఉండాది. ఆ ఎత్తు వరసలో కొన్ని చెట్లు లేవు, ఉండేవాటికి పక్క కొమ్మలు నరికించి ఉండారు. నలుగురు పాడె మోసుకోని పొయ్యేంత ఎడం. రెండు పక్కలా పల్లంలో నీళ్ళు మెరస్తా ఉండాయి. "మా ఇంట్లో ఇంకా నాతో ఎవురూ మాట్లాడటం లేదు" అనింది ఆమె, మామూలుగానే.

 మా అత్త నిదానంగా నడస్తా, ఒక్కో చెట్టునూ తాకతా పోయింది. మధ్యలో ఒక ముసలి చెట్టు కాడ నిలబడింది.

"ఈ వరస నాటింది నేనూ మీ మామే. ఆయన గుంట తవ్వితే నేను మొక్క పెట్టినా. ఇది పీనుగులు పొయ్యే దోవ సామీ అని చెప్పినాము. మీరు కూలికొచ్చినారు, నాటి పొండి అన్నారు."

సంకలో బిడ్డను పెట్టుకోని ఊరంతా వెతికినట్టయింది నా పని. బస్సెక్కినా, తెప్పెక్కినా, టేపు మెళ్ళో వేసుకోని పరాయి ఇళ్ళకు పోయినా. "మరి నాకెందుకు చెప్పలా అత్తా?" అన్నా.

"నన్నడిగినావా?" అనింది. కోపంగా కాదు.

పెద్దింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. తోట దాటితే స్మశానం. ఆడోళ్ళు పోకూడని చోటని నేను ఆగిపోయినా, పెద్దింటామె కూడా ఆగిపోయింది. మా అత్త ఆగలా. పోయి మామను పెట్టిన చోట, చీర సర్దుకోని నింపాదిగా కూసునింది. ఆయన దగ్గరికి ఆమె పోయింది అదే మొదలు.

ఎండెక్కతా ఉండాది, ఇంటికి పోదాం రమ్మని పిలిచినా. ఆమె వెనక్కి తిరక్కుండా చెయ్యి ఊపింది.

"మీరు పొండి. ఆయనతో కాసేపు మాట్లాడి వస్తా. ఇప్పుడు దోవ ఉండాది కదా."